వెనక కమాన్లు మార్చే ముందు బండిని కాటా ఎక్కించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కొండదారుల్లో తిరిగే పికప్ బండ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. వెనక సస్పెన్షన్‌ని బలపరచడానికి ఏమేం దొరుకుతాయో ఫోటోలతో సహా వేశారు. అదనపు పట్టీ, ఎయిర్ బ్యాగులు, ఎత్తు పెంచే ఇనుప దిమ్మలు, పొడుగు షాకిళ్లు (కట్ట వెనక కొసని ఛాసిస్‌కి వేలాడదీసే లింకులు), గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, అన్నీ ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బుని బట్టి ఏదో ఒకటి ఎంచుకోవచ్చన్నట్టు ముగించారు. అక్కడే నాకు మనసు ఆగలేదు. వెనక ఇరుసు మీద అసలు ఎంత బరువు పడుతోందో తెలుసుకోమని వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ లెక్క తెలుసుకోకుండా నేను రెండుసార్లు సామాను కొని బిగించాను. మొదటిసారి బండి గుట్టలు ఎక్కడం మానేసింది. రెండోసారి ఛాసిస్ చిట్లింది. ఆ వ్యాసం చదివి ఈ వారం ఎవరైనా షాపుకి బయల్దేరుతుంటే, ఒక్క రోజు ఆగి ఈ ఉత్తరం చదవమని కోరుతున్నాను.

నా పని జనరేటర్లు బాగుచేయడం. ఎక్కువగా గుట్టల మీద ఉండే సెల్ టవర్ల దగ్గరికి వెళ్తాను. చివరి ఐదారు కిలోమీటర్లు రోడ్డనేది ఉండదు, ముందు వెళ్లిన బండి చక్రాల జాడే దారి. పన్నెండేళ్లుగా ఇదే పని, ఇప్పుడున్నది రెండో పికప్. నాతో పాటు ఒక కుర్రాడు వస్తాడు. బండి కింద ఏ చిన్న చప్పుడు తేడాగా వచ్చినా ముందు వాడే పట్టేస్తాడు.

మా బండికి వెనక ఉన్నవి కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగులు. సామాను మోసే పికప్‌లకి చాలావరకు ఇవే ఉంటాయి. కట్ట అంటే బరువు మోసేది అని మాత్రమే అనుకుంటాం గానీ, అది మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టుకుంటుంది. చిన్న గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు తన చుట్టూ తాను తిరగబోతుంది కదా, ఆ మెలిని కూడా కట్టే కాచుకుంటుంది. కాయిల్ స్ప్రింగులున్న బండిలో చివరి రెండు పనులకీ విడిగా రాడ్లుంటాయి, ఇక్కడ అన్నిటికీ కట్టే దిక్కు. కాబట్టి బరువు కోసమని కట్టని ముట్టుకుంటే మిగతా రెండు పనులూ మారిపోతాయి. నేను ఆలస్యంగా తెలుసుకున్న మొదటి సంగతి ఇదే.

నా మొదటి తప్పు అదనపు పట్టీ. సామాను ఎక్కించగానే బండి తోక దిగి, లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తున్నాయి. కమాన్ల పని చేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఒక్కో కట్టకీ ఒక్కో పట్టీ వేస్తే సరిపోతుందన్నాడు. నా బండి పాత పట్టీలు 7 మిల్లీమీటర్ల మందం. ఆయన వేసింది 10 మిల్లీమీటర్లది. చూడ్డానికి 3 మిల్లీమీటర్లే తేడా. కానీ పట్టీ బిగువు మందంతో పాటు మామూలుగా పెరగదు, మందాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చే లెక్కలో పెరుగుతుంది. పొడవూ వెడల్పూ ఒకటే అయితే 10 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కటి 7 మిల్లీమీటర్ల పట్టీలు దాదాపు మూడింటితో సమానం. ఒక పట్టీ వేయించాననుకుని మూడు వేయించుకున్నాను.

బరువున్నప్పుడు బండి చక్కగా నిలబడింది. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండితో అవస్థ మొదలైంది. గులకరాళ్ల ఎక్కుడు దారిలో వెనక చక్రాలు నేలని పట్టుకోకుండా టకటకా ఎగిరేవి. ఒకవైపు గుంట, రెండో వైపు మిట్ట వచ్చిందంటే గుంటలోకి దిగాల్సిన చక్రం దిగేది కాదు, గాల్లో తిరిగేది. మట్టిదారిలో బండి కదలాలంటే చక్రం నేలకి ఆని ఉండాలి, అలా ఆనించేది స్ప్రింగు మెత్తదనం. మెత్తదనం పోయిన బండికి ఎన్ని గుర్రాల ఇంజినుంటే ఏం లాభం? పైగా అది పొట్టి పట్టీ. దాని కొన ఆగిన చోటే పై పట్టీ వంగి వంగి ఒక గాటు పడింది. ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే అక్కడే విరిగేది. వేస్తే పాతవాటికి దగ్గర మందంతో, మెయిన్ పట్టీకి కాస్త తక్కువగా ఉండే పొడుగు పట్టీ వేయాలి. అదీ పాత కట్టలో జీవం ఉంటేనే. ఏళ్ల తరబడి బరువు మోసి చదునైపోయిన కట్టకి కొత్త పట్టీ జోడిస్తే కొత్తది ఒక్కటే మోస్తుంది, పాతవి తోడు మాత్రమే వస్తాయి.

రెండోసారి ఆ పట్టీ తీయించి ఎయిర్ బ్యాగులు వేయించాను. ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య, ఇరుసు పైకి లేచి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు ఉండే చోట, ఆ రబ్బరు తీసేసి రబ్బరు తిత్తి కూర్చోబెట్టారు. గాలి కొడితే తోక లేస్తుంది, తీసేస్తే దిగుతుంది. రెండు నెలలు చాలా సంతోషంగా తిరిగాను. నాకు తెలిసిన ఇద్దరికి వేయించుకోమని కూడా చెప్పాను. ఆ ఇద్దరికీ తర్వాత ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

జరిగింది ఇది. ఒకరోజు కుర్రాడు వెనక తొట్టి ఎక్కబోతూ ఆగి, అన్నా ఈ సందు చూడు అన్నాడు. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఉండే సందు. ఎప్పుడూ పైనా కిందా ఒకేలా ఉండేది. ఆ రోజు పైన రెండు వేళ్లు కలిపి పడుతున్నాయి, కింద ఒక వేలు కూడా దూరడం లేదు. తొట్టి వెనక్కి వాలింది. టార్చి తీసుకుని కిందకి దూరాను. బ్యాగు పై బ్రాకెట్ ఛాసిస్‌ని తాకే చోట పెయింటు పెచ్చులూడి ఉంది. వేలితో తుడిస్తే దుమ్ము కింద వెంట్రుక వాసి గీత, దాని అంచున ఎర్రటి తుప్పు. ఛాసిస్ అడ్డంగా చిట్లడం మొదలైంది. ఆ గీత మీద వేలుపెట్టి చాలాసేపు అలాగే పడుకుండిపోయాను. అదే రోజు పొద్దున ఆ బండిలోనే మేమిద్దరం లోయ పక్కన దిగి వచ్చాం.

కారణం కష్టమైనది కాదు. కమాన్ కట్ట తన బరువుని ఛాసిస్‌కి రెండు చోట్ల అందిస్తుంది, ముందున్న హ్యాంగర్ దగ్గర, వెనకున్న షాకిల్ దగ్గర. ఆ రెండింటి మధ్య మీటరు పైనే దూరం ఉంటుంది. ఎయిర్ బ్యాగు అదే బరువుని ఆ రెండింటి నడుమ ఒక్కచోట పైకి పొడుస్తుంది. వెనక తోక మీద బరువు, ముందు ఇంజిను బరువు, మధ్యలో కింద నుంచి పోటు. మోకాలికి ఆనించి కట్టెని విరిచినట్టే. పైగా నేను కొట్టిన గాలి ఎక్కువ, తిరిగిన దారి ముడతల రోడ్డు, బరువంతా తోక చివర. బ్యాగు గట్టిగా ఉంటే చక్రం కిందకి దిగేటప్పుడు కూడా అడ్డం పడుతుంది, ఎందుకంటే చాలా కిట్లలో అది పైనా కిందా రెండు చోట్లా బిగించి ఉంటుంది. తిత్తి సాగగలిగినంతే చక్రం దిగుతుంది.

అలాగని ఎయిర్ బ్యాగులు చెడ్డవని రాయడం లేదు. ఈ రోజు బరువు, రేపు ఖాళీ అన్నట్టు తిరిగే బండికి, మంచి రోడ్డు మీద ట్రైలర్ లాగే బండికి, తక్కువ గాలితో అవి ఉపయోగమే. సరైన కట్ట ఉండి, దానికి కాస్త సాయంగా ఉంటే మంచివే. కట్ట చేయాల్సిన పనంతా బ్యాగు నెత్తిన పెట్టడం నా తప్పు.

ఛాసిస్‌కి ప్లేటు వేసి వెల్డింగ్ చేయడానికి, ఆ పని తెలిసిన ఇంజినీరు చూసి సరేననడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కూర్చుని అప్పటిదాకా చేయని పని చేశాను, లెక్క. బండి బయటికి రాగానే నేరుగా కాటాకి తీసుకెళ్లాను. మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించాను. మేమిద్దరం కూర్చుని, ట్యాంకు నిండా డీజిల్‌తో, సామాను లేకుండా ముందు 1,180 కిలోలు, వెనక 850. తర్వాత పనికి వెళ్లేటప్పుడు ఎలా సర్దుకుంటామో అలాగే సర్ది మళ్లీ తూచాం. ముందు 1,130, వెనక 1,560. నేను ఇన్నేళ్లూ నా సామాను 400 కిలోలుంటుందని నమ్ముతూ వచ్చాను. ఉన్నది 660. తలుపు చట్రం మీద అంటించిన కంపెనీ స్టిక్కర్ చూస్తే మొత్తం బండి బరువు 2,800 దాకా ఉండొచ్చు, వెనక ఇరుసు మీద 1,500 దాటకూడదు. మొత్తం బరువు హద్దులోనే ఉంది. వెనక ఇరుసు మాత్రం 60 కిలోలు దాటింది. ఏ షాపులోనూ నన్ను ఆ స్టిక్కర్ ఎక్కడుందని అడగలేదు, నేనూ చూడలేదు.

ఇంకో విషయం గమనించండి. ఎక్కించింది 660 కిలోలే, వెనక ఇరుసు మీద పెరిగింది 710. ముందు ఇరుసు మీద 50 కిలోలు తగ్గింది. త్రాసు లాంటిదే ఇది. ముందు వెనక చక్రాల మధ్య 3 మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకి మీటరు వెనకగా 200 కిలోలు పెడితే వెనక ఇరుసు మోసేది 267 కిలోలు, ముందు చక్రాలు పోగొట్టుకునేది 67. బరువైన టూల్ పెట్టె, రెండు స్పేర్ చక్రాలు, విప్పి తెచ్చిన ఆల్టర్నేటర్లు అన్నీ తోక తలుపు దగ్గరే పెట్టేవాళ్లం, లాగడానికి సులువని. ఎక్కుడులో స్టీరింగ్ తేలికగా తోచేదంటే కారణం ఇదన్నమాట. ముందు చక్రాలు సగం మనసుతో నేలని తాకుతున్నాయి.

మేం చేసిన మొదటి అప్‌గ్రేడ్‌కి ఏ విడిభాగమూ అక్కర్లేదు. టూల్ పెట్టెని క్యాబిన్ గోడకి ఆనించి బిగించాం. రెండు స్పేర్లలో ఒకటి తీసేశాం. ఎప్పుడో పనికొస్తాయని మోసుకుతిరిగే పాత సామాను దించేశాం. మళ్లీ తూచితే సామాను 520 కిలోలు, ముందు 1,230, వెనక 1,320. దిగిన తోకలో మూడో వంతు అక్కడే లేచింది. ఇదంతా ముందే చేసి ఉంటే ఛాసిస్ నిలిచేది.

ఇక స్ప్రింగు ఎంపిక. కొలిచి చూసుకోవడానికి ఒక టేపు చాలు. వెనక చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా పైన ఫెండర్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారుతుంది. పాత కట్టలతో నా బండి ఖాళీగా 540 మిల్లీమీటర్లు, 660 కిలోలతో 445. అంటే ఒక్కో వైపు 355 కిలోలు పడితే 95 మిల్లీమీటర్లు దిగింది, మిల్లీమీటరుకి సుమారు 3.7 కిలోలు. స్ప్రింగు ఎంత సాగితే అంత బలం అని రాబర్ట్ హుక్ 1678లోనే చెప్పిన సూత్రమే ఇది, బండి కింద పడుకుని కూడా వేసుకోగలిగిన లెక్క. ఆ 95 దిగాక బంప్ స్టాప్‌కి మిగిలింది బొటనవేలి వెడల్పు. ప్రతి గుంటకీ ఎందుకు ఢామ్మనేదో అప్పుడు అర్థమైంది.

విడి కట్టలు అమ్మేవాళ్లు వాటిని ఎప్పుడూ ఉండే బరువుని బట్టి విభజిస్తారు. ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఎప్పుడూ 300 కిలోలుండే బండికి ఒకటి, 500 కిలోలకి ఒకటి, ఇలా. ఇక్కడ ఎప్పుడూ అన్న మాటే ముఖ్యం. నెలకొకసారి మోసే పెద్ద బరువుని చూసి కాదు, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా బండిలో ఉండిపోయే బరువుని చూసి ఎంచుకోవాలి. పైకప్పు, టూల్ పెట్టె, డీజిల్ క్యాన్లు, స్పేరు, తాళ్లు, జాకీలు కలిపి మాకు 290 వచ్చింది. అమ్మే కుర్రాడు 500ది తీసుకోండన్నా, గట్టిగా ఉంటుంది అని ఎంతో చెప్పాడు. వాడి తప్పు లేదు, గట్టిగా ఉండాలనే అందరూ అడుగుతారు. నేను 300 కిలోలదే తీసుకున్నాను. ఎందుకంటే 500ది బిగించి 290తో తిరిగితే ఏమవుతుందో ఆ 10 మిల్లీమీటర్ల పట్టీ నాకు ముందే చెప్పింది. తోక ఎత్తుగా, గట్టిగా, నేలని వదిలి. ఇప్పుడు సాయంత్రం కొలిస్తే 545, పొద్దున నిండుగా సర్దుకుంటే 520. ఇంకా ఎంతో ప్రయాణం మిగిలి ఉంది చక్రానికి.

ఆ కొత్త కట్టలో పట్టీలు పాతదాని కంటే ఎక్కువ, ఒక్కోటీ పలచన. చివర్లలో పట్టీకీ పట్టీకీ మధ్య చిన్న ప్లాస్టిక్ మెత్తలున్నాయి, ఇనుము మీద ఇనుము రాసుకోకుండా. అట్టడుగున ఉన్న మందపాటి హెల్పర్ పట్టీ మామూలప్పుడు దేన్నీ తాకదు, బరువు బాగా పడినప్పుడే పనిలోకి వస్తుంది. నాకు నచ్చింది అదే. పారాబోలిక్ కట్టలు కూడా చూశాను. నడుమ మందంగా, చివరలకి సన్నగా ఉండి రెండు మూడు పట్టీలతోనే పనిచేస్తాయి. రాపిడి తక్కువ కాబట్టి చాలా మెత్తగా వంగుతాయి, కానీ ఆ రాపిడి చేసే ఊగుడు తగ్గించే పని కూడా పోతుంది కనుక వాటికి మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి. తక్కువ బరువుతో రాళ్లదారులు తిరిగేవాళ్లకి నేనైతే అవే చెప్తాను.

షాక్ అబ్జార్బర్ల విషయంలో మీ వ్యాసం ఒక పొరపాటు రాసింది, సవరించాలి. మంచి షాక్ అబ్జార్బర్లు వేస్తే బండి ఎక్కువ బరువు మోస్తుందని ఉంది. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. స్ప్రింగు ఊగుడుని ఆపి ఆ శక్తిని వేడిగా మారుస్తుంది, అంతే. ముడతల రోడ్డు మీద అరగంట నడిపి ఆపితే వాటిని ముట్టుకోలేం. నూనె అలా కాగి, లోపల గాలితో కలిసి నురగైపోతే బండి తేలిపోతున్నట్టు ఉంటుంది. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ రకంలో గ్యాస్‌కీ నూనెకీ మధ్య విడి పిస్టన్ ఉంటుంది కాబట్టి నురగ రాదు, వేడి కూడా పై గొట్టం నుంచి నేరుగా గాలికి పోతుంది. కానీ రాయి తగిలి దాని గొట్టం సొట్టబడితే లోపలి పిస్టన్ పట్టేస్తుంది, రెండు గొట్టాల రకం అంత తొందరగా ఆగిపోదు. నా దారుల్లో ముడతలే ఎక్కువ కాబట్టి నేను మోనోట్యూబ్‌కే మొగ్గాను. ఒక చిట్కా చెప్తాను. ముడతల దారిలో కొంతసేపు నడిపాక ఆపి నాలుగింటి దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి చూడండి. మూడు సెగలు కక్కుతూ ఒకటి చల్లగా ఉంటే, బాగున్నది అది కాదు. పని మానేసింది అదే.

పొడవు కూడా చూడాలి. పూర్తిగా నొక్కుకున్న షాక్ అబ్జార్బర్ అడుగుకి తగిలేలోపు బంప్ స్టాప్ తగలాలి. లేదంటే బండి బరువంతా ఆ పిస్టన్ రాడ్డు మీద పడుతుంది. కట్టలు బిగించాక చక్రం పూర్తిగా పైకీ, పూర్తిగా కిందకీ కదిపి ఆ రెండు కొలతలూ తీసుకుని, తర్వాతే షాక్ అబ్జార్బర్లు కొన్నాను. అందరూ ముందు కొనేవి ఇవే, చూడ్డానికి రంగురంగులుగా ఉంటాయి కాబట్టి.

ఎత్తు గురించి రెండు మాటలు. వెనక సస్పెన్షన్‌ని ఎత్తితే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద ఖాళీ పెరుగుతుందని మీ వ్యాసంలో రాశారు. ఇరుసు మొత్తం ఒకే ముక్కగా ఉన్న బండిలో అది నిజం కాదు. ఎత్తేది ఛాసిస్‌ని, తొట్టిని. ఇరుసు చక్రాల మధ్యే ఉంటుంది, డిఫరెన్షియల్ ఎత్తు పెరగాలంటే టైరు పెద్దది కావాలి. రాయి మీదుగా దాటిస్తే చాలనుకుని కొత్తగా ఎత్తిన బండిని నడిపితే ఆ రాయి తగిలేది అక్కడే. ఇనుప దిమ్మలు వేసి ఎత్తడం నాకైతే అసలు ఇష్టం లేదు. ఇరుసుకీ కట్టకీ మధ్య దూరం పెరిగిన కొద్దీ ఇరుసు తిరగబోయే మెలికి పట్టు దొరుకుతుంది, కట్ట పాములా మెలికపడుతుంది. దిమ్మ మీద దిమ్మ పేర్చడం మాత్రం ఎవరూ చేయకూడదు. పొడుగు షాకిల్ 50 మిల్లీమీటర్లు పెంచితే బండి లేచేది సుమారు 25, డిఫరెన్షియల్ ముక్కు కోణం కూడా మారి షాఫ్ట్ జాయింట్ల నుంచి అదురు మొదలవుతుంది.

బ్రేకు సంగతి మాత్రం ప్రత్యేకంగా ప్రచురించమని వేడుకుంటున్నాను. చాలా పికప్‌లలో వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకి సన్నటి కడ్డీ ఉంటుంది. బండి ఎంత దిగిందో ఆ కడ్డీ చెప్తుంది, దాన్ని బట్టి వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో వాల్వు నిర్ణయిస్తుంది. ఖాళీ బండిలో వెనక చక్రాలు జారకుండా ఒత్తిడి తగ్గించడం దాని పని. వెనక ఎత్తు పెంచి ఆ కడ్డీని సరిచేయకపోతే, నిండా బరువున్నా బండి ఖాళీ అని వాల్వు అనుకుంటుంది. వెనక బ్రేకు సగమే పడుతుంది. ఎయిర్ బ్యాగులున్న రోజుల్లో నా ముందు బ్రేకు ప్యాడ్లు మామూలు కంటే చాలా తొందరగా అరిగిపోయాయి, కారణం అదని ఎవరూ చెప్పలేదు. కొత్త కట్టలతో పాటు ఆ కడ్డీ బ్రాకెట్‌ని కూడా పెరిగిన ఎత్తుకి తగ్గట్టు మార్పించాను. బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

కాయిల్ స్ప్రింగులకి మార్చేస్తే పోలేదా అని కొందరు అడుగుతున్నారు. కంపెనీలు చేసి చూపించాయి. షెవర్లే 1960లోనే పికప్‌కి వెనక కాయిల్ ఇచ్చింది, రామ్ 1500 కి 2009 మోడల్ నుంచి, టొయోటా టండ్రాకి 2022 మోడల్ నుంచి ఉన్నాయి. ఫోర్డ్ రేంజర్ రాప్టర్‌లో కాయిల్‌తో పాటు ఇరుసు పక్కకి పోకుండా వాట్స్ లింకేజ్ పెట్టారు. అవన్నీ మొదటి నుంచీ ఆ రాడ్లు, బ్రాకెట్లు, ఛాసిస్ కలిపి గీసినవి. కట్టల కోసం చేసిన ఛాసిస్‌కి కొత్తగా బ్రాకెట్లు వెల్డింగ్ చేసి కాయిల్ వేయడం వేరే స్థాయి పని, రోజూ అర టన్ను మోసే బండికి నేను చేయించను. ఏది మార్చినా స్టిక్కర్ మీది అంకె దానంతటది పెరగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కట్ట గట్టిదైనా ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. ఆస్ట్రేలియా లాంటి చోట్ల తనిఖీ చేసి, సర్టిఫికెట్ ఇచ్చి ఆ అంకెని పెంచే పద్ధతి ఉంది, అది షాపులో పట్టీ వేయించడం లాంటిది కాదు.

చివరిగా బిగింపు. కొత్త కట్టలు వేసిన సాయంత్రం బండి ఇంకా స్టాండ్ల మీద ఉంది, ఇరుసు కిందకి వేలాడుతోంది. మెకానిక్ కట్ట కంటి బోల్టుకి, అంటే కట్ట కొసన గుండ్రంగా చుట్టిన రంధ్రంలోంచి పోయే బోల్టుకి, స్పానర్ వేసి బిగించబోయాడు. నేను ఆపేలోపే మా కుర్రాడు, ఆగన్నా, దించి బిగిద్దాం అన్నాడు. ఆ కంట్లో రబ్బరు బుష్షు ఉంటుంది. ఇరుసు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడుతుంది, బండి నేల మీదకి దిగగానే మెలిపడుతుంది, రోజూ అలా మెలిపడే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది. బోల్టులు వదులుగా ఉంచి బండిని నాలుగు చక్రాల మీదకి దించి, వెనకవైపు నాలుగుసార్లు ఊపి కట్టని కుదురుకోనిచ్చి, అప్పుడు బిగించాం. మెకానిక్ కాదనలేదు, టార్చి పట్టుకోమన్నాడు. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయించాం. ఒకసారి బిగించాక అవి సాగుతాయి, విప్పినవి మళ్లీ వాడితే పట్టు నిలవదు. అవి వదులైతే కట్టకీ ఇరుసుకీ మధ్య జారుడు మొదలై, నడుమ ఉన్న చిన్న సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు ఒకవైపు వెనక్కి పోతుంది.

కొత్త కట్ట పట్టీలు కూడా కొంత దూరం తిరిగాక ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి కాబట్టి యూ బోల్టులు మళ్లీ బిగించాలి. మొదటి 100 కిలోమీటర్లకి ఎనిమిది నట్లలో రెండు పావు చుట్టు తిరిగాయి. రేపటితో 500 అవుతాయి. పొద్దున పనికి బయల్దేరే ముందు టార్క్ స్పానర్‌తో ఎదురెదురు నట్లని మార్చి మార్చి ఇంకోసారి చూడాలి. వచ్చే ఆదివారం పేజీలో డిఫరెన్షియల్ ఎత్తు, షాక్ అబ్జార్బర్ బరువు గురించిన రెండు సవరణలూ, బ్రేకు కడ్డీ మాటా వేస్తే చాలు, నా పేరు వేయకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, జనరేటర్ మెకానిక్